పెద్ద దస్త్రములు తంతిమీద తెమలకుండుట



సర్వరు అను పెద్దయంత్రమునుండి బల్లమీది కంప్యూటరునకు పెద్ద దస్త్రమును పంపునప్పుడు అది గంటల తరబడి తెమలకుండుట యేల, ఆ లోపమును కనిపెట్టు విధమేమి అనునది నేటి నా ప్రసంగ విషయము. ఇది పట్టణమువారి గొడవ, మనకేల యని తలంపవలదు. ఖమ్మము సీమ మొదలు భద్రాచలపు అడవి అంచువరకు గల గ్రామముల భూమి పటములు, గ్రామసభ తీర్మానములు, పోడు అర్జీలు ఇప్పుడు అనేకము ఈ మార్గముననే పోవుచున్నవి.

2006 సంవత్సరపు అటవీ హక్కుల చట్టము ప్రకారము, 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి అడవిభూమిని సాగుచేసికొనుచున్న గిరిజనులకు నాలుగు హెక్టార్లు మించకుండ, అనగా ఇంచుమించు పదియెకరముల వరకు, హక్కు లభించును. అర్జీని మొదట విచారించునది గ్రామసభ. పిదప డివిజను సంఘము, ఆపైన జిల్లా సంఘము. నడుమ పటమొక్కటి నిలిచిపోయిన యెడల ఒక ఇంటివారి బ్రతుకుతెరువు నిలిచినట్లే.

కొన్ని సంవత్సరముల క్రిందట భద్రాచలములో ఒక కార్యాలయమున ఇట్టి పటములను కూర్చుటకు నేను తోడ్పడితిని. చర్ల వైపు గ్రామముల పటములును ఛాయాచిత్రములును కలిసి నాలుగు గిగాబైట్లు. మరునాడుదయము సంఘము కూడవలసియున్నది. సర్వరు ప్రక్కగదిలోనే కలదు. అయినను దస్త్రము చేరుటకు యంత్రము చూపిన గడువు తొమ్మిది గంటలు! అర్జీదారుడైన యొక కోయ పెద్ద ఉదయమునుండి అరుగుమీద కూర్చుండియుండెను.

మొదట లెక్క చూచితిని. తంతి వేగమును బిట్టులలో చెప్పుదురు. దస్త్రమును బైటులలో కొలుతురు. ఎనిమిది బిట్టులు ఒక బైటు. ఈ భేదము నెరుగనివారు మానికయని తలచి సోలతో పుచ్చుకొనినట్లు మోసపోవుదురు. సెకనుకు నూరు మెగాబిట్టుల తంతిమీద పన్నెండున్నర మెగాబైట్లకు మించి రావు. ఆ లెక్కను మా దస్త్రమునకు 320 సెకనులు, అనగా అయిదారు నిమిషములు చాలును. కావున తొమ్మిది గంటలనుట దోషమే గాని స్వభావము గాదు.

అందరును సర్వరునే నిందించిరి. క్రొత్తది కొనవలెనని కొందరు. కాలువ తుదిభూమికి నీరందనిచో మీరు చెరువునే తిట్టుచు కూర్చుందురా? తూము మొదలు మడివరకు నడచి చూతురు. నేనును అట్లే చేసితిని. దస్త్రమును సర్వరులోనే ఒకచోటినుండి మరియొకచోటికి నకలు చేయించితిని; నిమిషములో ముగిసెను. డిస్కు నిర్దోషి. పిదప ఐపర్ఫ్ అను సాధనముతో, డిస్కు ప్రమేయము లేకుండ, తంతిమీద వట్టి అంకెలను పంపి చూచితిని. అప్పుడును అదే నత్తనడక. ఇక దోషము తంతిలోనైన నుండవలెను, దాని కొనలయందైన నుండవలెను. తంతి మార్చితిమి, గుణము కనబడలేదు.

తుదకు స్విచ్చుపెట్టెలో దొరకినది. ఎవరో మునుపు దానిని నూరు మెగాబిట్టులు, ఉభయముఖము అని చేతితో బిగించి విడిచిరి. సర్వరు కొన మాత్రము ఎదుటివానినడిగి తానే నిర్ణయించుకొనునట్లు ఉండెను. బిగించిన పెట్టె బదులు చెప్పదు. బదులు రానందున సర్వరు తనది ఏకముఖమని భావించెను. ఇక చూడుడు! పెట్టె వినుచునే మాటలాడును. సర్వరు ఎదుటివాని మాట తన మాటతో కలిసినంతనే తాకుడు జరిగెనని ఆగిపోవును. పొట్లములు చితికిపోవును. చిన్న పరీక్షలో అంతయు బాగుగానే తోచును. భారము పడినప్పుడే రోగము బయటపడును. రెండు కొనలను తామే నిర్ణయించుకొనునట్లు మార్చగా దస్త్రము ఆరు నిమిషములలో చేరెను.

కొన్ని పొట్లములు పోయినంతమాత్రమున ఇంత మాంద్యమేల యందురేమో. పొట్లము పోయినచో పంపువాడు దారి క్రిక్కిరిసినదని యెంచి వేగము తగ్గించుకొనును. 1986 అక్టోబరులో అమెరికాయందు లారెన్స్ బర్క్లీ ప్రయోగశాలకును బర్క్లీ విశ్వవిద్యాలయమునకును నడుమ, నాలుగువందల గజముల దూరములో, సెకనుకు 32,000 బిట్టుల వేగము 40 బిట్టులకు పడిపోయెను. వాన్ జేకబ్సన్ దానిని శోధించి 1988లో ప్రకటించిన పద్ధతివలననే యంత్రములు ఇట్లు జంకుట నేర్చినవి. ఆ జంకు లోకమునకు మేలే. మా గదిలో మాత్రము కీడయ్యెను.

దూరమువలన కలుగు మాంద్యము వేరు. గోదావరిలో పడవవాడు ఆవలిగట్టునుండి చీటి వచ్చువరకు రెండవ పడవ విడువననినచో ఏరు ఎంత వెడల్పైన నేమి లాభము? పాత పద్ధతిలో జవాబు రాకమునుపు 64 కిలోబైట్లకు మించి పంపరాదు. రాకపోకలకు సెకనులో పదునారవ వంతు పట్టినను సెకనుకు ఒక మెగాబైటే చేరును. 1992లో ఈ హద్దును పెంచు ఏర్పాటు జరిగినది. పాతయంత్రములలో అది మూయబడి యున్నదేమో చూచుకొనవలెను. వేలకొలది చిన్న దస్త్రములైనచో ఒక్క మూటగా కట్టి పంపుట మేలు.

దస్త్రము చేరెనని చెప్పగా ఆ పెద్ద లోనికి వచ్చి, “పంతులూ, సగం దారిల ఏమన్న రాలిపోయిందేమో, ఎట్ల తెలుస్తది?” అనెను. మాలో నెవరికిని తోచని ప్రశ్న! దస్త్రమంతటిని మథించి ఒక పొడవైన అంకెను తీయు గణితము కలదు. ఒక్క బిట్టు మారినను ఆ అంకె మారిపోవును. రెండు యంత్రములయందును తీయించి ప్రక్క ప్రక్కన అచ్చువేయించితిని. ఆయన వ్రేలు పెట్టి ఒక్కొక్క అక్షరమును పోల్చి చూచెను.

“రెండూ ఒకటేనా?”

“ఒకటే, తాతా.”

ఆ కాగితమును మడిచి రొండిన దోపుకొని చర్ల బస్సునకు వెడలెను.