మాదకద్రవ్య శోధకుడు
(పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



ఈ మందిరమునకు వచ్చు యువకులు కొందరు క్రిందటి వారము మమ్మొక ప్రశ్న యడిగిరి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మాదకద్రవ్యముల దొంగవ్యాపారమును పట్టుకొను కేంద్రప్రభుత్వోద్యోగి యెట్టివాడు, ఆతని పని యెట్టిది యని. వారు చలనచిత్రములలో చూచిన యుద్యోగి చేత పిస్తోలు ధరించి మేడపైనుండి మేడపైకి దుముకువాడు. మేము ఆ దేశపు కోర్టు తీర్పులలోను, శాసనసభల విచారణలలోను చూచినవాడు వేరు. ఆతడు పగలెల్ల వీధి మొగను కారులో కూర్చుండి యొక తలుపువైపు చూచుచుండును. రాత్రి యింటికి పోవుటకు ముందు, చూచినదెల్ల గడియారపు నిమిషములతో సహా కాగితముపై వ్రాయును. కొన్ని నెలలకు న్యాయస్థానమున నిలిచి ఆ కాగితములోని ప్రతి పంక్తికిని జవాబు చెప్పును. ఆతని వృత్తికి ముఖ్యమైన యాయుధము తన మాట. ఆ మాటను లోకము నమ్మవలెను. అయినను ఆతడు పని చేయునపుడు దినదినమును అబద్ధమాడవలెను. నేడు మేము చెప్పదలచిన దీ చిక్కును గూర్చియే.

ఈ యుద్యోగి పుట్టుక విచిత్రము. 1914వ సంవత్సరమున అమెరికా కాంగ్రెసు హారిసన్ చట్టమును చేసినది. పేరునకది పన్నుల చట్టము. నల్లమందును, కొకెయినును, వానినుండి తీయు మందులను వాడు వైద్యులును, అమ్ము మందులషాపుల వారును పేరు నమోదు చేయించుకొని, స్వల్పమగు పన్ను చెల్లించి, లెక్కలు వ్రాసి చూపవలెను. సామాన్య నేరములను శిక్షించుట ఆ దేశమున రాష్ట్రముల పని గనుక, కేంద్రము తన చేతనున్న పన్నుల యధికారమునే కర్రగా చేసికొన్నది. కావున మొదటి శోధకుడు చిట్టాపుస్తకములను తనిఖీచేయు గుమాస్తా వంటివాడు. 1919లో అచ్చటి సుప్రీంకోర్టు, వ్యసనపరునికి అలవాటు చొప్పున మందు వ్రాసి యిచ్చుట వైద్యము కాదని తీర్పు చెప్పగా, ఆ గుమాస్తా వైద్యుని గదిలోనికి ప్రవేశించెను. నిన్నటి రోగి నేటి నేరస్థుడయ్యెను.

ఇచ్చట నొకమాట. ఆ కాలముననే మన దేశమున తెల్లదొరతనము గాజీపురపు కర్మాగారమున నల్లమందు తయారు చేయించి ఖజానా నింపుకొనుచుండెను. అక్కడ పన్ను వసూలు చేయువాడే నిషేధించువాడు. ఇక్కడ నిషేధింపవలసినవాడే దుకాణదారు. ఆ సంగతి మరియొక నాటి యుపన్యాసమునకు తగును.

1930లో న్యూయార్కు గ్రాండ్ జూరీ యొక విచారణ జరిపెను. మాదకద్రవ్య విభాగమునకు అధిపతియైన లీవై నట్ కుమారుడును అల్లుడును, దొంగవ్యాపారమునకు పెట్టుబడి పెట్టెనని ప్రసిద్ధికెక్కిన ఆర్నల్డ్ రాత్‌స్టీను అనువానికి పన్నుల వ్యవహారములలో పనిచేసిరని బయటపడెను. నగరపు పోలీసులు పట్టిన కేసులను తమవిగా వ్రాసికొని ఉద్యోగులు లెక్కలు పెంచిరనియు తేలెను. నట్ పదవి పోయెను. ఆ యేడే ఖజానా శాఖలో ఫెడరల్ మాదకద్రవ్య సంస్థ యను పేర కొత్త సంస్థ వెలసెను. హారీ అన్‌స్లింగర్ 1962 వరకు దాని కధిపతిగా నుండెను. పేరు మారినను కొలత మారలేదు. ఎందరిని పట్టితివి, ఎన్ని కేసులు గెలిచితివి యని యడుగు కార్యాలయమున, చిన్నవారిని పదిమందిని పట్టుట పెద్దవాని నొక్కని పట్టుటకంటె సులభమని తెలిసికొనుటకు ఉద్యోగికి ఎక్కువ కాలము పట్టదు.

ఇక పని విధానము. దొంగతనమున సొమ్ము పోగొట్టుకొన్నవాడు ఠాణాకు వచ్చి మొరపెట్టుకొనును. మాదకద్రవ్యపు బేరమున నమ్మువాడును కొనువాడును ఇష్టపడియే చేయుదురు, మొరపెట్టువాడు లేడు. కావున శోధకుడు తానే కొనుగోలుదారు వేషము వేయవలెను, లేదా ఉప్పందించువాని నాశ్రయింపవలెను. ఈ యుప్పందించువాడెవ్వడు? తరచుగా తానే యొక కేసులో చిక్కి శిక్ష తగ్గించుకొనగోరువాడు. లేదా డబ్బునకు ఆశపడువాడు. లేదా పోటీ వ్యాపారిని తొలగింపనెంచువాడు. మంచి శోధకుడు వానిని నమ్మడు. బేరమునకు పంపుటకు ముందు వాని జేబులు, బట్టలు వెదకి, వట్టి చేతులవాడని నిశ్చయించుకొనును. వానికిచ్చు నోట్ల నంబర్లను ముందుగా వ్రాసియుంచును. వాడు తలుపు దాటినదాదిగా తిరిగి వచ్చువరకు కంటికి రెప్పవేయక కాచి, రాగానే మరల వెదకును. వాడు తెచ్చిన పొట్లమును ముద్రవేసి, తేదీ వ్రాసి, సంతకము చేసి, రసాయన పరీక్షకు పంపును. ఆ పొట్లము ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదియు తీర్పు నాటివరకు కాగితముపై నుండవలెను. నడుమ నొక్క చేయి లెక్కకు రాకపోయినను ప్రతివాది వకీలునకు ద్వారము తెరచినట్లే.

ఈ జాగ్రత్త లేనిచోట నేమగునో షెర్మన్ అను నాతని కేసు చూపును. 1951లో న్యూయార్కు నగరమున ఒక వైద్యుని యొద్ద వ్యసనము మాన్పించుకొనుటకు ఇద్దరు పోవుచుండిరి. వారిలో నొకడు ప్రభుత్వమునకు ఉప్పందించువాడు. తానే యొక మాదకద్రవ్యపు కేసులో శిక్షకొరకు వేచియున్నవాడు. వాడు రెండవవానితో స్నేహము చేసి, తనకు మందు పనిచేయుటలేదని, బాధ భరింపలేకున్నానని, ఎక్కడనైన సరకు తెచ్చిపెట్టుమని యడిగెను. షెర్మన్ మొదట మాట దాటవేసెను. వాడు మరల యడిగెను, మరల యడిగెను. తుదకు దయతలచి తెచ్చిపెట్టెను. తెచ్చి, తానును మరల వ్యసనమున పడెను. అప్పుడా మిత్రుడు పోయి మాదకద్రవ్య సంస్థవారికి చెప్పెను. వారు వచ్చి కాచి పట్టిరి. పది సంవత్సరముల శిక్ష పడెను. 1958లో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఏకకంఠముగా కొట్టివేసినది. నేరమును కనుగొనుట ప్రభుత్వపు పనియే గాని, నేరమెరుగని వాని మనసున దానిని నాటి, మొలకెత్తిన పిమ్మట కోయుట ప్రభుత్వపు పని కాదని ఆ తీర్పు సారము. అమ్మెనా లేదా యని మాత్రమే చూచిన నాతడు దోషియే. ఎవడు అమ్మించెనని చూచినపుడు కథ తలక్రిందులగును. అంతకు ముందేడు, 1957లో, రోవియారో యనువాని హెరాయిను కేసులో అదే కోర్టు, బేరమున ప్రత్యక్షముగా పాల్గొన్న ఉప్పందించువాని పేరును, ప్రతివాదికి దాని యవసరము కలిగినపుడు, దాచిపెట్టరాదని చెప్పెను. ఈ రెండు తీర్పులును శోధకునికి కోపము తెప్పించినవే కావచ్చును. ఆతని మాటకు విలువ నిచ్చినవియు నవే.

మారువేషపు పని శోధకుని గుండెపై నేమి చేయునో జిమ్మీ ఫ్లెచర్ చరిత్రమున తెలియును. ఆ సంస్థ నల్లజాతివారి వాడలలో తిరుగుటకు నల్లజాతి యుద్యోగులను చేర్చుకొన్నది. తెల్లవారిపై నధికారము మాత్రము వారికి దక్కుట అరుదు. పరాయి దొరతనమున కొలువుచేసిన తరమును చూచిన పెద్దలకు ఈ యేర్పాటు కొత్త కాదు. ఫ్లెచర్‌ను ప్రసిద్ధ గాయని బిల్లీ హాలిడే వెంట పంపిరి. ఆతడామెతో పరిచయము చేసికొనెను. ఆమెయందు ఆదరమును కలిగెను. 1947లో ఆమెకు ఒక సంవత్సరము నొక దినము శిక్ష పడెను. ఆ శిక్షవలన, మద్యమమ్ము న్యూయార్కు క్లబ్బులలో పాడుటకు కావలసిన అనుమతిచీటి పోయి, ఆమె జీవనోపాధికి పెద్ద గండి పడెను. 1959 జూలై 17న ఆసుపత్రి మంచముపై మరణించునాటికి ఆమె మరియొక మాదకద్రవ్య నేరమున నిర్బంధములో నుండెను. వయసు 44 ఏండ్లు. చెలిమి చేసి పట్టియిచ్చుట తన మనసును బాధించినదని ఫ్లెచర్ వృద్ధాప్యమున నొప్పుకొనెను. ఆతడు చట్టమునుల్లంఘింపలేదు, పై వారు చెప్పిన పనిని చక్కగా చేసెను.

అబద్ధమునకు అలవాటుపడి దానియందే రుచిమరగినవారును కలరు. జార్జి వైట్ ఆ సంస్థలో పేరుమోసిన యుద్యోగి. 1953 మొదలుగా ఆతడు కేంద్ర గూఢచారి సంస్థ సొమ్ముతో న్యూయార్కున, పిమ్మట శాన్ ఫ్రాన్సిస్కోన ఇండ్లు తీసి, అచ్చటికి వచ్చినవారికి తెలియకుండ ఎల్.ఎస్.డి. యను మత్తుమందు త్రాగించి వారేమి చేయుదురో చూచుచుండెను. మత్తుమందును మాన్పించుటకు జీతము పుచ్చుకొనువాడు చేసిన పని యిది! 1970 దశాబ్దపు సెనేటు విచారణలవలన గాని లోకమునకిది తెలియలేదు. ఆ లోపుననే 1968 ప్రాంతమున న్యూయార్కు కార్యాలయములో జరిగిన అంతరంగ విచారణలో, ఉద్యోగులే హెరాయిను నమ్మిరనియు, ఉప్పందించువారిని కాపాడి వ్యాపారము సాగనిచ్చిరనియు తేలి, ఎందరో రాజీనామా లిచ్చిరి. సంస్థయే ఆ యేడు ఖజానా శాఖనుండి న్యాయశాఖకు మారెను. 1973 జూలై 1న నేటి డి.ఇ.ఏ. ఏర్పడెను.

నగరపు పోలీసుల కథ యంతకంటె వింత. 1962లో వారును ఫెడరల్ శోధకులును కలిసి ఫ్రాన్సునుండి వచ్చిన హెరాయినును పట్టిరి. ఆ కేసుపై చలనచిత్రమును వచ్చినది. పట్టిన సరకును పోలీసుల సామానుగదిలో భద్రపరచిరి. 1972లో పొట్లములు చూడగా పురుగులు ప్రాకుచుండెను. హెరాయినుకు పురుగు పట్టదు. సరకునెవరో మాయముచేసి పిండి నింపియుంచిరి. ఏ గృహిణికైనను తెలిసిన సంగతిని అంత పెద్ద పోలీసుశాఖ పురుగులవలన నేర్చుకొనవలసి వచ్చినది.

ఇట్లు చెప్పితిమని ఆ వృత్తిలో నున్నవారెల్ల నిట్టివారని మీరనుకొనరాదు. ఎన్రికే కమరేనా యను డి.ఇ.ఏ. ఉద్యోగి మెక్సికోలోని గ్వాదలహారాలో పనిచేయుచుండెను. 1984 నవంబరులో చివావా రాష్ట్రమున ఒక మహాగంజాయి తోటను మెక్సికో సైన్యము ధ్వంసము చేసినది. వ్యాపారులకు ఆతనిపై పగ పెరిగెను. 1985 ఫిబ్రవరి 7న ఆతని నెత్తుకొనిపోయి, చిత్రహింసలు పెట్టి చంపిరి; ఒక నెల పిమ్మట గాని శవము దొరకలేదు. వయసు 37 ఏండ్లు. అట్టివాని మాటకు న్యాయస్థానమున విలువ యుండవలెనన్న, వైట్ వంటివాని మాటకు విలువ లేకుండ చేయు నియమములు కావలెను.

మన దేశమున 1985లో మాదకద్రవ్యముల చట్టమును, 1986లో కేంద్ర నిఘా సంస్థయు నేర్పడినవి. మన చట్టము కఠినము. గంజాయి 20 కిలోలు దాటిన పది సంవత్సరములకు తక్కువ గాని శిక్ష. జామీను దొరకుట దుర్లభము. మనిషిని సోదాచేయునపుడు గెజిటెడ్ అధికారి యెదుటగాని, మేజిస్ట్రేటు యెదుటగాని చేయుమని కోరు హక్కు వానికి కలదని ముందుగా చెప్పవలెనని 50వ సెక్షను; అట్లు చెప్పుట తప్పనిసరియని 1999లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించినది. శోధకుని యెదుట నిందితుడిచ్చిన వాంగ్మూలము నేరాంగీకారముగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసున తీర్పు వచ్చినది. విశాఖ మన్యమున గంజాయి పండునని మీరందరు వినియుందురు. కొండదారుల మూటతో పట్టుబడువాడు కూలికి మోయువాడు. పెట్టుబడి పెట్టినవాడు మైదానమున నెక్కడనో యుండును. కూలివానిని బోనున నిలుపునది సామాన్యముగా మూడు పుటల పంచనామా. దానిక్రింద మధ్యవర్తుల సంతకములు రెండు.

ఆ మధ్యవర్తులు మీవంటివారే. బజారున పోవువారిని పిలిచి సంతకము పెట్టించుకొందురు. మేమెరిగిన యొక పట్టణమున కాఫీ హోటలులో పనిచేయు నాతడు అట్లే సంతకము పెట్టెను. రెండేండ్లకు బోనెక్కించి, సంచి యే రంగుదని వకీలు అడిగెను. తనకు చూపినది కాగితమే గాని సంచి కాదని యాతడు చెప్పెను. నిందితుడు విడుదలయ్యెను. వాడు దోషియో కాడో నేటికిని మాకు తెలియదు. ఆ పొట్లము నెవరు, ఎప్పుడు, ఎక్కడ కట్టిరో చూచి చెప్పగలవాడు ఆ గదిలో నొక్కడును లేకపోయెను.