గడ్డ కనిపించని క్యాన్సర్



ఇన్నేళ్ళుగా బడిలో పాఠాలు చెప్తున్నాం. అయినా సైన్సు పుస్తకంలో ఆడవాళ్ళ శరీరం గురించిన పాఠం వచ్చిందంటే మా గొంతు దానంతటదే తగ్గేది. ఈ రోజు తగ్గించం. ఎందుకో చెప్తాం.

మా దగ్గరి చుట్టం ఒకామె, నలభై దాటిన మనిషి. పత్తి ఏరే రోజుల్లో ఒకవైపు రొమ్ము బరువుగా ఉందంది. పదిహేను రోజుల్లో వాచింది. చెయ్యి పెడితే వేడి. జాకెట్టు ఆ ఒక్కవైపే బిగుతయింది. వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి తాగించారు. తర్వాత మాత్రలు వాడింది. తగ్గకపోతే ఇంకో రకం, ఆపైన మరో రకం. మమ్మల్ని అడిగితే తడిమి చూసి, "గడ్డ లేదు కదా, భయపడకు" అన్నాం. చదువుకున్న టీచరమ్మ చెప్పిందని నమ్మింది. మూడు నెలలు అలా పోయాయి. హైదరాబాదు తీసుకెళ్ళేసరికి జబ్బు ఎముకల దాకా పాకింది. ఆమె మనకు దక్కలేదు.

ఆ తర్వాత తెలిసింది, గడ్డ కట్టకుండా వచ్చే రొమ్ము క్యాన్సర్ ఒకటుందని. డాక్టర్లు ఇన్‌ఫ్లమేటరీ క్యాన్సర్ అంటారు. పేరులో వాపు ఉంది గాని ఇది చీము వాపు కాదు. చర్మం కింద సన్నని కాలువల్లాంటి లింఫ్ నాళాలుంటాయి. క్యాన్సర్ కణాలు వాటికి అడ్డుపడతాయి. పిల్లకాలువలో నాచు పేరుకుంటే వెనక మడిలో నీళ్ళు నిలవవూ, అట్లా రొమ్ములో నీరు నిలిచి వాస్తుంది. ఇది అరుదైనదే. అమెరికా లెక్కల్లో వంద రొమ్ము క్యాన్సర్లలో ఒకటి నుంచి ఐదు దాకా ఇలాంటివి. కానీ మిగతా వాటిలా ఏళ్ళు పట్టదు, వారాల్లో ముదురుతుంది.

గుర్తులు చెప్తాం, తల దించుకోకుండా వినండి. రొమ్ములో మూడో వంతుకు పైగా ఎర్రబడుతుంది. పుస్తకాల్లో ఎరుపు అని రాస్తారు గాని, మన చామనఛాయ ఒంటి మీద అది ఎర్రగా కనపడకపోవచ్చు, కమిలినట్టు, కాస్త ఊదాగా, లేదా ముదురు రంగులో ఉండొచ్చు. అందుకే రంగు ఒక్కటే చూడొద్దు. చర్మం మందమై, కమలాపండు తొక్క మీద ఉన్నట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి. చనుమొన లోపలికి లాక్కుపోవచ్చు. నొప్పి, దురద ఉండొచ్చు. చంకలోనో మెడ ఎముక దగ్గరో బిళ్ళలు తగలొచ్చు. మన కుట్టు మిషన్ల దగ్గర కొలతలు తీసే చెల్లెళ్ళకు ఒక మాట: ఎవరైనా "ఒకవైపే బిగుతుగా ఉంది" అంటే కుట్టు విప్పి ఊరుకోకండి, ఎన్నాళ్ళ నుంచని అడగండి.

పాలిచ్చే తల్లికి పాలు గడ్డకట్టి ఇట్లాగే వాస్తుంది, నిజమే. చాలా వరకు అది మామూలు వాపే, మందులతో తగ్గిపోతుంది. చిక్కంతా తగ్గనప్పుడే. వారం, పది రోజులు మందు సరిగ్గా వాడినా తగ్గలేదంటే మందు మార్చుకుంటూ కూర్చోవద్దు. "స్కాన్ రాయండి, చర్మం ముక్క తీసి పరీక్ష చేయించండి" అని మీరే అడగండి. గడ్డ ఉండదు కాబట్టి మామోగ్రామ్‌లో ఒక్కోసారి దొరకదు. ముక్క పరీక్షతోనే ఖాయమవుతుంది. కత్తి తగిలితే పాకుతుందని మన ఇళ్ళలో ఒక భయముంది. అది ఉత్తమాట.

ఇంకో అపోహ. ఆపరేషన్ చేయకుండా ముందు కీమో పెట్టారంటే ఆశ వదులుకున్నారని ఏడుస్తారు. ఈ జబ్బుకు వరసే అది. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆపైన రేడియేషన్. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి సర్కారుదే. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది, క్యాన్సర్ వైద్యం అందులో ఉంది. మగ డాక్టరుకు చూపించుకోలేమనే వాళ్ళు ఆశా కార్యకర్తను అడగండి. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మంగళవారాల్లో ఆడవాళ్ళ కోసమే పెట్టినవి, అక్కడ చూసేదీ ఆడవాళ్ళే. ప్రాణం మీదికొచ్చినప్పుడు వైద్యుడికి చూపించుకోవడానికి పర్దా అడ్డు కాదని మన పెద్దలు చెప్తూనే ఉన్నారు. మేమే వినిపించుకోలేదు.

తెర అవతలి అన్నదమ్ములారా, ఇంట్లో ఆమె "ఏం లేదులే" అంటే అక్కడితో వదిలెయ్యకండి. పత్తి అమ్మాక పోదాం, పిల్ల నికాహ్ అయ్యాక పోదాం అని వాయిదా వేసేది ఎక్కువగా ఆమే.

సభ అయ్యాక పక్క గదిలో కూర్చుంటాం. నర్సమ్మ కూడా ఉంటుంది. తలుపు వేసే ఉంటుంది, ఒక్కొక్కరే రావచ్చు.