దేశాన్ని కొలిచినవారి కథ: జాన్ కే రచన ‘ది గ్రేట్ ఆర్క్’



ప్రపంచంలో ఎత్తైన శిఖరం ఏది అని అడిగితే మూడో తరగతి పిల్లవాడైనా ఠక్కున ఎవరెస్ట్ అంటాడు. అది ఒక మనిషి ఇంటిపేరు అనీ, ఆ మనిషి శిఖరాన్ని ఎక్కలేదు సరికదా దాని ఎత్తు లెక్కగట్టే నాటికి ఉద్యోగం వదిలి ఇంగ్లండు వెళ్ళిపోయాడనీ చెబితే మాత్రం కాలేజీ విద్యార్థులు కూడా ఆశ్చర్యపోతారు. ఈ సంగతులన్నీ నవలలా చదివించే పుస్తకం ఒకటుంది. బ్రిటిష్ రచయిత జాన్ కే 2000లో ప్రచురించిన ‘ది గ్రేట్ ఆర్క్’. ఈనాటి పాఠంలో ఆ పుస్తకం గురించి, అలాంటి పుస్తకాలను ఎలా చదవాలన్న దాని గురించి మాట్లాడుకుందాం.

జాన్ కే విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాడు. సామాన్య పాఠకుల కోసం చరిత్ర రాసే రచయిత. పశ్చిమ హిమాలయాల్లో తిరిగిన అన్వేషకుల మీద 1977లో, భారతదేశ ప్రాచీన చరిత్రను వెలికితీసిన పండితుల మీద 1981లో పుస్తకాలు రాశాడు. నేను సైన్సు చెప్పేవాణ్ణి కాబట్టి నాకు మాత్రం ‘ది గ్రేట్ ఆర్క్’ మీదే మక్కువ. ఒక్క సమీకరణం కూడా లేకుండా త్రిభుజాల లెక్కను కళ్ళకు కట్టించడం సామాన్యమైన పని కాదు.

ఆ లెక్క మీకు తెలిసిందే. త్రిభుజంలో ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలూ కొలవకుండానే వస్తాయి. అలా వచ్చిన భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరొకటి. అంటే నేల మీద నిజంగా కొలవాల్సింది మొదటి గీత ఒక్కటే. విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆ గీతను కొలవడం మొదలుపెట్టాడు. దాని పొడవు ఏడున్నర మైళ్ళు, కొలిచే ఉక్కు గొలుసు 100 అడుగులు. ఎన్నిసార్లు పరచాలో మీరే లెక్క వేసుకోండి. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక గొలుసుకు నీడ పట్టి, పక్కన థర్మామీటర్లు పెట్టి కొలిచారు. కోణాలు చూసే థియోడొలైట్ బరువు అర టన్ను. 1808లో దాన్ని తంజావూరు గుడి గోపురం మీదికి లాగుతుంటే తాడు తెగి, గోడకు కొట్టుకుని దెబ్బతింది. లాంబ్టన్ గుడారంలో కూర్చుని దాన్ని బాగుచేసుకున్నాడు.

కన్యాకుమారి నుంచి హిమాలయాల పాదం దాకా సుమారు 1,500 మైళ్ళు సాగిన ఈ కొలత లాంబ్టన్ జీవితకాలంలో పూర్తికాలేదు. ఆయన 1823లో హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. మిగిలిన పని జార్జ్ ఎవరెస్ట్ చేతికి వచ్చింది.

జాన్ కే తన పుస్తకాన్ని మద్రాసు దగ్గర మొదలుపెట్టలేదు. మన ప్రాంతంలో, కృష్ణా గోదావరి నదుల మధ్య అడవుల్లో మొదలుపెట్టాడు. 1819లో ఎవరెస్ట్ అక్కడ సర్వే చేస్తున్నాడు. వానాకాలంలో అడవిలో పని ఏమిటి అంటారేమో! వానకు దుమ్ము అణిగి గాలి తేటపడుతుంది, దూరపు కొండ మీది జెండా స్పష్టంగా కనిపిస్తుంది. కానీ జ్వరాలు కూడా అప్పుడే. బృందమంతా మంచాన పడింది. రోగులను హైదరాబాదుకు మోసుకుపోవలసి వచ్చింది. కొందరు దారిలోనే చనిపోయారు. ఎవరెస్ట్ బతికి, కోలుకోవడానికి దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్ళాడు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోండి. ఎవరెస్ట్ జ్వరం గురించి మనకు ఎందుకు తెలుసు? ఆయన రాసుకున్నాడు కాబట్టి. అదే జ్వరంతో పోయిన జెండా కూలీ ఏమీ రాసుకోలేదు. దొరికిన కాగితాల మీదే చరిత్రకారుడు ఆధారపడతాడు. అందుకే ఈ పుస్తకంలో సింహభాగం ఇద్దరు ఆంగ్లేయులదే.

రాధానాథ్ సిక్దార్‌ను తీసుకోండి. కలకత్తా హిందూ కాలేజీలో చదివి, 1831లో నెలకు 30 రూపాయల జీతం మీద గణకుడుగా చేరాడు. దూరపు శిఖరం నుంచి వచ్చే కాంతి గాలి పొరల్లో వంగుతుంది కదా, ఆ వంపును సరిచేస్తే గాని ఎత్తు తేలదు. నేపాల్‌లోకి ప్రవేశం లేనందున వంద మైళ్ళకు పైబడిన దూరం నుంచి తీసిన కొలతలవి. వాటి నుంచి పదిహేనో నంబరు శిఖరానికి వచ్చిన ఎత్తు 29,002 అడుగులు. 1856లో ప్రకటించారు. 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. పోల్చి చూడండి, తేడా తొమ్మిది మీటర్లు!

1852లో సిక్దార్ సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా గదిలోకి పరుగున వెళ్ళి, ప్రపంచంలోకెల్లా ఎత్తైన కొండను కనిపెట్టానని చెప్పాడట. ఈ కథ మీరూ వినే ఉంటారు. వినడానికి బాగుంది. కానీ అప్పటికి సిక్దార్ ఉన్నది కలకత్తాలో, వా కార్యాలయం డెహ్రాడూన్‌లో. ఇక గదిలోకి పరుగెత్తేది ఎలా? సిక్దార్ గొప్పతనం నిలవడానికి ఆ కథ అవసరమే లేదు. 1843లో సర్వే కూలీల చేత వెట్టిచాకిరీ చేయించుకున్న మేజిస్ట్రేటును ఎదిరించి 200 రూపాయల జరిమానా కట్టిన మనిషి ఆయన. 1851లో వచ్చిన సర్వే మాన్యువల్ ముందుమాటలో ఆయనకు కృతజ్ఞతలు చెప్పారు. ఆయన చనిపోయిన తరువాత, 1875 నాటి మూడో ముద్రణలో ఆ పేరు తీసేశారు. 2004లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది.

సైన్సు విద్యార్థులకు ఇంకొక్క విషయం. కల్యాణ్‌పూర్, కలియానా అనే రెండు కేంద్రాల మధ్య అక్షాంశాల తేడాను నేల మీద త్రిభుజాలతోనూ, నక్షత్రాలతోనూ కొలిస్తే రెండు జవాబులకూ అయిదు సెకన్ల పైచిలుకు తేడా వచ్చింది. హిమాలయాల ఆకర్షణ వల్ల తూకం గుండు పక్కకు లాగబడుతోందని జాన్ ప్రాట్ అనే మతాధికారి అనుకున్నాడు. లెక్క వేస్తే తేడా దాదాపు పదహారు సెకన్లు రావాలి! అంటే గుండును లాగవలసినంత పర్వతాలు లాగడం లేదు. జార్జ్ ఎయిరీ 1855లో ఒక సమాధానం ఇచ్చాడు: నీటిలో మంచుగడ్డలా, పర్వతాల కింద తేలికైన రాయి లోతుగా దిగి ఉంది. భూగర్భశాస్త్రంలో మీరు చదివే సమస్థితి సిద్ధాంతం పుట్టింది ఈ చిన్న తేడా నుంచే.

మీ గ్రంథాలయంలో ‘ది గ్రేట్ ఆర్క్’ దొరికితే ముందు వెనక పుటల్లోని పేర్ల సూచిక తెరవండి. అందులో భారతీయుల పేర్లెన్నో లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ తరువాత మొదటి అధ్యాయం మొదలుపెట్టండి.