మెదడు ఏ హద్దున పనిచేస్తుంది?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి పట్టా అందుకోవడానికి వచ్చిన విద్యార్థులకు, మిమ్మల్ని ఇంతదాకా చదివించిన తల్లిదండ్రులకు నా అభినందనలు.

మార్కెట్ యార్డులో పల్లికాయ రాశి పోయడం మీరు చూసే ఉంటారు. పోసేకొద్దీ రాశి నిటారవుతుంది. ఒక దశకు వచ్చాక ఇంకో గుప్పెడు పడితే ఒక్కోసారి రెండు కాయలే దొర్లుతాయి, ఒక్కోసారి పక్కంతా జారిపోతుంది. 1987లో భౌతికశాస్త్రవేత్తలు పెర్ బాక్, చావో టాంగ్, కర్ట్ వీసెన్‌ఫెల్డ్ ఇసుక కుప్పను ఊహించి ఈ స్థితికి కంప్యూటర్ నమూనా కట్టారు. అందులోని గణితాన్ని 1990లో విప్పిచెప్పింది మన భౌతికశాస్త్రవేత్త దీపక్ ధర్. ఆయన 2022లో బోల్ట్జ్‌మన్ పతకం అందుకున్నారు; దాన్ని పొందిన తొలి భారతీయుడు ఆయనే.

మెదడులోనూ ఇలాంటిదే కనిపించింది: 2003లో జాన్ బెగ్స్, డీట్మార్ ప్లెంజ్ ఎలుక మెదడు ముక్కల్లో నాడీకణాల ఉత్తేజం ఇలాంటి జారుళ్లుగా సాగడాన్ని కొలిచారు. చిన్నవి ఎన్నో, పెద్దవి అరుదు.

మనిషి మెదడు మీద నాకు బాగా నచ్చిన పని 2013 నాటిది. ఏరియల్ హైమోవిచీ, సహచరులు 998 భాగాల మెదడు పటం తీసుకున్నారు. ఒక్కో భాగానికి మూడే స్థితులు: ఊరకుండటం, ఉత్తేజపడటం, కాసేపు విశ్రమించడం. పొరుగు భాగాల ప్రేరణ ఒక మోతాదు దాటితే ఊరకున్న భాగం ఉత్తేజపడుతుంది. మోతాదు తగ్గిస్తే మెదడంతా హోరు, పెంచితే నిశ్శబ్దం. రెంటి నడుమ సన్నని హద్దున మాత్రం, ఏ పనీ లేకుండా పడుకున్న మనిషి స్కానింగులో కనిపించే అల్లికలే నమూనాలోనూ కనిపించాయి. ఇంత కొద్ది నియమాలతో అంత పోలిక రావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

అయినా దీన్ని ఆఖరి తీర్పు అనుకోకండి. హద్దుకు దూరంగా ఉన్న వ్యవస్థలూ ‘చిన్నవి ఎన్నో, పెద్దవి అరుదు’ అనే లెక్కలే చూపగలవని పరిశోధకులు టూబూల్, డెస్టెక్స్ నిరూపించారు. వాదం ఇంకా తెగలేదు. అందుకే మీకు ఇందులో చోటుంది.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బాపిరాజు బృందం మెదడు తీగల పటం నుంచి దాని పనితీరును అంచనా వేసే నమూనాను 2018లో ప్రచురించింది. నాగర్‌కర్నూల్ నుంచి అక్కడికి ఒక పూట ప్రయాణం కూడా లేదు.

ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్స్ చదివినవారు హైమోవిచీ నమూనాలోని ఆ మూడు స్థితుల నియమాలను పైథాన్‌లో రాసి చూడండి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. జువాలజీ చదివినవారు పక్కన కూర్చుని తప్పులు పట్టండి. ఆ నమూనా ఎక్కడ తప్పుతుందో కనిపెట్టేవారిలో మీరూ ఉండాలని కోరుకుంటున్నాను.