ఊపిరి ముందా, మెట్టు ముందా?



మాస్టారి పేరు మీద ఏటా జరిగే ఉపన్యాసానికి నన్ను పిలిచారంటే, మా పాత తగాదా సంగతి ధర్మనిధి కమిటీకి తెలియకపోయి ఉండాలి, లేదా బాగా తెలిసే పిలిచి ఉండాలి. మాస్టారి గొప్పతనం ఆహ్వాన పత్రం వెనక పేజీలో అచ్చు వేశారు. అందులో ప్రతి మాటా నిజమే. అందులో లేనివి రెండు చెబుతాను. ఆయన కాఫీ పూర్తిగా చల్లారితే గానీ ముట్టేవారు కాదు. అరువు తీసుకున్న పుస్తకం తిరిగిచ్చేవారు కాదు. మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లో రాసిన పుస్తకం, నాది, ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. వాళ్ళబ్బాయి ముందు వరసలో కనిపిస్తున్నాడు కాబట్టి నలుగురిలో అడుగుతున్నాను. మా తగాదా మొదలైంది ఆ పుస్తకం దగ్గరే.

పిల్లల్లో ఆందోళన అంటే ఏమిటో ఈ సభకు కొత్తగా చెప్పక్కర్లేదు. సోమవారం పొద్దున్నే వచ్చే కడుపునొప్పి, అమ్మ కొంగు వదలని ఆరేళ్ళ పిల్ల, జవాబు తెలిసీ క్లాసులో నోరు విప్పని పదో తరగతి కుర్రాడు, ఇంటర్ హాస్టల్ నుంచి ఆదివారం ఫోన్లో ఏడ్చే అమ్మాయి. అందరం చూసినవే. నిద్ర, ఆట, సెల్‌ఫోను, ర్యాంకుల పిచ్చి గురించి నా ముందు మాట్లాడినవారు బాగా మాట్లాడారు. వాళ్ళ పుస్తకాలు బయట బల్ల మీద ఉన్నాయి, కొనుక్కోండి. నేను ఒక్క ప్రశ్న దగ్గరే ఆగుతాను. గాబరా పడుతున్న పిల్లకు మనం మొదట నేర్పాల్సిందేమిటి?

మాస్టారి జవాబు ఊపిరి. ముందు పిల్ల శరీరాన్ని సడలించు, శ్వాస నెమ్మదించనివ్వు, భయం సంగతి తర్వాత. నా జవాబు మెట్టు. పిల్ల దేన్ని తప్పించుకుంటోందో కనుక్కో, దానివైపు ఎంత చిన్నదైనా సరే ఒక అడుగు ఇవాళే వేయించు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ బడికి వారానికి ఒకే గంట దొరికే కౌన్సెలర్ ఆ గంటను దేనికి ఖర్చుపెట్టాలన్నది దీని మీదే తేలుతుంది.

మాస్టారికి వోల్పే అండ. సడలింపూ భయమూ ఒకే శరీరంలో ఒకే సమయంలో ఉండలేవని వోల్పే వాదం. ఆయన పద్ధతిలో మొదట కండరాల సడలింపు, ఆ తర్వాతే భయపెట్టే వాటి జాబితా, తక్కువ నుంచి ఎక్కువకు. మాస్టారు అంతకుముందు సాక్ష్యం కూడా పట్టుకొచ్చేవారు. 1924లో మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ పీటర్ అనే పసివాడికి కుందేలంటే ఉన్న భయాన్ని పోగొట్టింది. పిల్లాడు ఇష్టమైనది తింటూ ఉంటే పంజరాన్ని కొద్దికొద్దిగా దగ్గరకు జరిపింది. చూశావా, తిండి పెట్టి స్థిమితపరిచిన తర్వాతే కదా కుందేలు అనేవారు.

చూశాను. అదే ఏడాది జోన్స్ రాసిన ఇంకో వ్యాసాన్నీ చూశాను. పిల్లల భయాలను పోగొట్టడానికి ఆమె చాలా దారులు ప్రయత్నించింది. భయపెట్టే వస్తువును కొన్నాళ్ళు కంటపడకుండా ఉంచడం, నచ్చజెప్పడం, దృష్టి మళ్ళించడం, తోటి పిల్లల చేత వెక్కిరింపించడం కూడా. నికరంగా పనిచేసినవని ఆమె తేల్చినవి రెండే. ఒకటి పీటర్ విషయంలో చేసినట్టు ఇష్టమైనదాన్ని జతచేస్తూ భయపెట్టేదాన్ని దగ్గరకు తేవడం, రెండోది భయపడని పిల్లల్ని చూసి నేర్చుకోనివ్వడం. రెండింటిలోనూ కుందేలు గదిలోనే ఉంది. కుందేలును వరండాలో వదిలేసి పిల్లాడికి బిస్కట్లు పెట్టే చికిత్స జోన్స్ చేయలేదు. మన బళ్ళలో ఊపిరి పేరుతో జరుగుతున్నది అచ్చంగా అదే.

వోల్పే మాటకొస్తే, ఆయన పద్ధతిని ముక్కలుగా విడదీసి పరీక్షించినవారు తర్వాత చాలామంది వచ్చారు. సడలింపు తీసేసినా ఫలితం నిలిచింది. భయపెట్టేదానికి ఎదురుపడటం తీసేస్తే నిలవలేదు. ఇవి ఎక్కువగా పెద్దవాళ్ళ మీద చేసినవని మాస్టారు కొట్టిపారేసేవారు. సరే, పిల్లల లెక్కే చూద్దాం. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పెద్ద అమెరికా పరిశోధన అచ్చయింది. 7 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 488 మంది. ఆలోచననూ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్స సీబీటీ, సెర్ట్రలిన్ మందు కలిపి ఇచ్చినవారిలో 80.7 శాతం బాగా మెరుగయ్యారు. సీబీటీ ఒక్కటే అయితే 59.7, మందు ఒక్కటే అయితే 54.9, ఉత్తుత్తి మాత్రకు 23.7. ఈ అంకెలు అందరూ చెబుతారు. ఆ సీబీటీ లోపల ఏ పాఠం పనిచేసిందని తక్కువమంది అడుగుతారు. తారా పెరిస్, సహచరులు 2015లో అడిగారు. ఆ చికిత్సలో సడలింపు ముందు, ఎదురుపడటం చివర. సడలింపు నేర్పాక పిల్లలు కోలుకునే వేగంలో పెద్ద మార్పు లేదు. ఎదురుపడటం మొదలయ్యాక వేగం పెరిగింది. తమ ఆలోచన ఎంతవరకు నిజమో పరీక్షించుకోవడం నేర్పినప్పుడూ పెరిగింది, అది దాచను. 2020లో వైట్‌సైడ్ బృందం అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడూ త్రాసు ఎదురుపడటం వైపే మొగ్గింది. 2022లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో ఎనిమిది వేలకు పైగా బడిపిల్లలున్నారు. అందరికీ మైండ్‌ఫుల్‌నెస్ నేర్పితే మామూలు పాఠాల కన్నా ఏమీ ఎక్కువ ఒరగలేదు.

ఊపిరితో నష్టమేముందమ్మా అంటారు. నిద్రపట్టని పిల్లకు నేర్పండి, ఏ నష్టమూ లేదు. పరీక్ష హాలు గుమ్మం దగ్గర నేర్పితే ఉంది. ఆ పిల్ల లోపలికి వెళ్ళి, రాసి, బయటికొచ్చి, నన్ను ఊపిరి కాపాడిందనుకుంటుంది. తను తట్టుకోగలదన్న సంగతి తెలుసుకోదు. రేపు గుండె దడ తగ్గకపోతే మళ్ళీ గుమ్మంలోనే ఆగిపోతుంది. తాయెత్తు విప్పించి దాని చోట ఊపిరి కట్టామంతే. పాల్ సాల్కోవ్‌స్కిస్ 1991లోనే ఇలాంటి రక్షణ చేష్టల గురించి హెచ్చరించాడు. మనం మాత్రం జూన్‌లో బళ్ళు తెరవగానే ఒత్తిడి నివారణ శిబిరం పెట్టి, కళ్ళు మూయించి, ఫొటో తీయించుకుని వస్తాం.

ఎదురుపడటమంటే చెవి పట్టుకుని బోర్డు దగ్గరికి లాక్కెళ్ళడమని కొందరు హెడ్మాస్టర్లు అనుకుంటారు. కాదు. చదవమంటే గొంతు పెగలని పిల్ల మొదట ఇంట్లో అమ్మకు వినిపిస్తుంది. తర్వాత ఖాళీ క్లాసులో ఇద్దరు స్నేహితులకు, ఆపైన తన చోటి నుంచే ఒక్క వాక్యం, చివరికి బోర్డు దగ్గర. ఏ మెట్టు ఎప్పుడన్నది పిల్లతో మాట్లాడి ఖాయం చేయాలి. ప్రతి మెట్టుకూ ముందు ఏం జరుగుతుందనుకుంటున్నావో చెప్పించాలి, తర్వాత ఏం జరిగిందో అడగాలి. అనుకున్న ఘోరం జరగలేదన్నది తన నోటితో తనే చెప్పాలి. మిషెల్ క్రాస్కే పరిశోధనలు ఈ తేడాకే పెద్ద పీట వేశాయి.

ఇంకొకటి. భయం నిజమైనదైతే మెట్లు కట్టకూడదు. కొట్టే టీచరు, కులం పేరుతో తిట్టే తోటివాళ్ళు, వేధించే సీనియర్లు ఉన్నచోట పిల్లకు ధైర్యం నేర్పడం దౌర్జన్యమే. అక్కడ ఆపాల్సింది వాళ్ళని. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలు వేధింపుల సంగతీ మాట్లాడాయి, నూరు మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలనీ చెప్పాయి. మంచిదే. ఆ కౌన్సెలర్ వచ్చి నేర్పేది ఏమిటన్నదే నా గొడవ. చనిపోవాలని ఉందని పిల్ల అంటే మాత్రం మెట్లూ ఊపిరీ రెండూ పక్కన పెట్టి, ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. టెలీ మానస్ 14416 ఏ వేళలోనైనా పలుకుతుంది.

ఇక ఇప్పుడు నేను చేస్తున్న పనికి ఆధారమైన పరిశోధన. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలై లెబోవిట్స్ బృందం 7 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 124 మందితో చేసిన పరిశోధన 2020లో అచ్చయింది. సగం మందిలో పిల్లలకు సీబీటీ, మిగతావారిలో తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ. ఈ రెండో గుంపు పిల్లలు చికిత్సకు రానేలేదు, అయినా మొదటి గుంపుకు ఏమాత్రం తీసిపోలేదు. ఆ తల్లిదండ్రులు నేర్చుకున్నది భయానికి సేవ చేయడం తగ్గించుకోవడం. సేవంటే పిల్ల బదులు తాము జవాబు చెప్పడం, పక్కన పడుకోవడం, కడుపునొప్పి అనగానే సెలవు చీటీ రాయడం. సేవ మానుతూ రెండు మాటలు కలిపి చెబుతారు. నీకు కష్టంగా ఉందని తెలుసు, నువ్వు తట్టుకోగలవనీ తెలుసు. మన ఇళ్ళలో మొదటిది అమ్మ ఒక్కతే అంటుంది, రెండోది నాన్న అరుస్తూ అంటాడు.

దీని మీద తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను, తల్లిదండ్రులకూ హాస్టల్ వార్డెన్లకూ. ఆదివారం ఫోను అధ్యాయం ఇంకా కుదరలేదు. తీసుకెళ్ళిపో అని ఏడ్చే పిల్లకు సరేనననూ కూడదు, ఫోను పెట్టేయనూ కూడదు. ఏడుపు వెనక వేధింపు ఉందా, బెంగ ఉందా అన్నది ముందు అడిగి తెలుసుకోవాలి. ఆ ప్రశ్నలు ఏవో, ఏ వరసలో అడగాలో వార్డెన్ల దగ్గరే నేర్చుకోవాలి. ఈ సభలో హాస్టళ్ళు నడిపేవారున్నారు, నాకు వాళ్ళతో ఒక మధ్యాహ్నం ఇప్పించండి. ధర్మనిధిలో వచ్చే ఏడాదికి సొమ్ము మిగిలితే ఉపన్యాసం మానేసి ఆ పుస్తకం అచ్చు వేయించమని కమిటీకి రాతపూర్వకంగా ఇస్తున్నాను.