కంకణములో కాలము

మన ఇండ్లలో బంగారమునకు వెల కట్టు పద్ధతి తరతరములుగా ఒక్కటే. గీటురాతిపై గీసి వన్నె చూతుము. త్రాసులో వేసి తూకము చూతుము. గొలుసునకు, గాజునకు ఈ రెండును చాలును. ఇరువదవ శతాబ్దమున చేసిన బంగారు కంకణ గడియారమునకు మాత్రము చాలవు. అది స్వర్ణకారుని నేర్పును, గడియారము చేయువాని నేర్పును ఒక్కటిగా కలిసిన వస్తువు. ఆ రెండు నేర్పులను తెలిసికొన్నగాని దాని విలువ మనకు బోధపడదు.

పురుషులు జేబు గడియారములు వాడుచున్న దినములలో చేతి గడియారము స్త్రీల ఆభరణముగ ఉండెను. 1868లో జెనీవాలోని పటెక్ ఫిలిప్ వారు హంగేరీ దేశపు కౌంటెస్ కొస్కోవిచ్ కొరకు బంగారు కంకణమున గడియారము నమర్చిరి. మొదటి ప్రపంచ యుద్ధములో సైనికుల అవసరము వలననే అది పురుషుల చేతికిని పరిపాటి యైనది.

నగ చిన్నదిగా, పలుచగా ఉండవలెనని మనము కోరుదుము. యంత్రమునకో, చోటు కావలెను. చుట్టిన స్ప్రింగు విప్పుకొనుచు బలమిచ్చును; పండ్ల చక్రములు దానిని అందించును; అటునిటు ఊగు చక్రము కాలమును కొలుచును. ఆ చక్రము ఎంత చిన్నదైన, చేతి కుదుపునకు, నూనె చిక్కదనమునకు అంత సులభముగా లయ తప్పును. కావున చిన్న గడియారము చేయుటకంటె దానిచే సరియైన కాలము చెప్పించుట కష్టము.

స్విట్జర్లాండులో లెకూల్ట్రు వారు 1929లో చేసిన '101' అను యంత్రము ఈ కష్టమును జయించినది. దాని పొడవు 14 మిల్లీమీటర్లు, వెడల్పు 5 మిల్లీమీటర్లకు లోపు, బరువు సుమారు ఒక గ్రాము. చక్రములను రెండు అంతస్తులుగా పేర్చి వారు చోటు సంపాదించిరి. 1953లో ఎలిజబెత్ రాణి తన పట్టాభిషేకమునాడు ధరించిన గడియారములో ఉన్నది ఈ యంత్రమే. 1957లో పియాజే వారు 2 మిల్లీమీటర్ల మందము గల యంత్రమును వెలువరించిరి. లోపల మిగిలిన చోటు వలన తరువాతి సంవత్సరములలో లాజవర్దము, జేడు, పులికన్ను వంటి రాళ్లను పలుచని బిళ్లలుగా కోసి, అంకెల పలకలుగా అమర్చగలిగిరి.

ఇక స్వర్ణకారుని పని. మేలిమి బంగారము మెత్తన; అందుచే 1000 పాళ్లలో 750 బంగారము, తక్కినది వెండి రాగి వంటి లోహములు కలిపి 18 కారట్ల లోహము చేయుదురు. దానిని సన్నని తీగలుగా లాగి, మెలికలు త్రిప్పి, ఒకదానిలో నొకటి చొప్పించి అల్లినచో కంకణము వస్త్రమువలె చేతిని చుట్టుకొనును. 18 కారట్ల స్విస్ గడియారపు పెట్టెపై 1995 వరకు స్త్రీ శిరస్సు ముద్ర ఉండెడిది. 14 కారట్లదానిపై ఉడుత.

1980 జనవరిలో బంగారము ఔన్సు 850 డాలర్లకు ఎగబ్రాకగా ఇట్టి గడియారములు అనేకము మూసలోనికి పోయినవి. బంగారము కరిగెను, యంత్రములు దిక్కులేక మిగిలెను. ఆ పెట్టె ఆ యంత్రమునకే కొలిచి చేసినది. వేరొక దానిలో అది ఇముడదు.

పెండ్లి వచ్చినప్పుడు పాత నగ కరిగించి క్రొత్తది చేయించుట మనకు వాడుక. అందులో తప్పు లేదు. కాని ఆ నగలలో ఇట్టి గడియారమున్నచో, ముందు అనుభవజ్ఞుడగు పనివానిచే వెనుక మూత తీయించి, ముద్రను, యంత్రముపై పేరును చూడవలెను. కంకణమునకు అతుకు పెట్టించునప్పుడు, నిప్పు సెగ తగులకముందే యంత్రమును బయటికి తీయించవలెను. మాటిమాటికి మెరుగు పెట్టించరాదు. చెక్కడపు పని అరిగిపోవును. చాలకాలము ఆగియున్నదానికి నూనె ఎండియుండును గనుక, శుభ్రము చేయించిన పిదపనే కీ ఇయ్యవలెను.

అది మరల నడచిననాడు ఒక్కసారి చెవికి దగ్గరగా పెట్టుకొని వినుడు. త్రాసు చెప్పలేని సంగతి అప్పుడు తెలియును.