చేతికి అల్లిక, చెవికి కథ

చలిగాలి మొదలైన సాయంత్రాల్లో స్వెటర్ అల్లుకోవడం, పుస్తకం చదువుకోవడం తీరిక ఉన్నవాళ్ల విలాసమని చాలామంది అనుకుంటారు. ఐస్‌లాండ్ అనుభవం మరోలా చెబుతుంది. అక్కడ సెప్టెంబరులో కొండల మీది గొర్రెలను కిందికి తోలుకొస్తారు. ఆపైన పగటి పొద్దు వేగంగా తగ్గిపోతుంది. పూర్వం పల్లెల్లో, గడ్డి మట్టిపెళ్లలతో కట్టిన ఇళ్లలో, శరత్తు నుంచి వసంతం దాకా ఇంటిల్లిపాదీ రాత్రిళ్లు ఒకే గదిలో చేరేవారు. ఒకరు ఉన్ని ఏకేవారు, ఒకరు వడికేవారు, ఆడామగా అందరూ మేజోళ్లు అల్లేవారు. ఒక్కరు మాత్రం దీపం దగ్గర కూర్చుని పాత వీరగాథలు పైకి చదివేవారు.

అది సుఖమేమిటి, చాకిరీ కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఆ మేజోళ్లు వ్యాపారులకు అమ్మే సరుకు. కానీ తప్పని పనిని తేలిక చేసింది ఆ చదువే. అలవాటైన అల్లికకు చేతులు చాలు, చెవులు ఖాళీ. కథలకు చోటు దొరికింది అక్కడే. ఫోన్లు వచ్చాక ఇదంతా పాతముచ్చట అనేవారికీ జవాబుంది: 1944 నుంచి అక్కడ ఏటా కొత్త పుస్తకాల జాబితా వెలువడుతోంది, క్రిస్మస్ కానుకల కోసం పుస్తకాలు ఎక్కువగా శరత్తులోనే అచ్చవుతాయి. కాబట్టి ఇంటి సుఖాలకు తీరిక ముందుగా ఉండి తీరాలని లేదు. ఈ మాటలు వింటూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.